అత్తగారి తోలు సంచులు: పాలిష్ వేయించే ముందు

ప్రశ్న: మాది విజయనగరం. మా మామగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. నిరుడు అత్తగారు కాలం చేశాక, టెక్కలి దగ్గర మా ఊరి ఇంట్లో ఉన్న ఆవిడ ట్రంకుపెట్టె తెరిస్తే మూడు హ్యాండ్‌బ్యాగులు బయటపడ్డాయి. ఒకటి శాంతినికేతన్ సంచి. మీద పువ్వులు, గీతలు అచ్చు వేసి ఉన్నాయి, భుజానికి తగిలించుకునే పట్టీ పట్టుకుంటే చేతికి ఎర్రటి పొడి అంటుతోంది. రెండోది మా ఆడపడుచు అమెరికా నుంచి తెచ్చి ఇచ్చిన కోచ్ కంపెనీ గోధుమరంగు బ్యాగు. దళసరి తోలు, ఇత్తడి బిళ్ళ తిప్పితే తెరుచుకుంటుంది. మూడోది నల్లగా మెరిసే బ్యాగు, పైపొర పొలుసులుగా ఊడిపోతోంది. తిత్లీ తుపానుకు ఆ ఇంటి పెంకులు లేచిపోయినప్పుడు పెట్టె తడిసింది, మూడింటికీ బూజు పట్టింది. రంగు, పాలిష్ వేసి కొత్తవాటిలా చేసి ఇస్తానని ఒక దుకాణం ఆయన అంటున్నాడు. వీడియోల్లో బ్యాగును సబ్బు నీళ్ళలో ముంచి కడగడం చూశాను. కొబ్బరినూనె రాయమని మా అమ్మ అంటోంది. ఏం చేయమంటారు? ఇటువంటి పాత బ్యాగులు సేకరించాలని కూడా ఉంది. ఆన్‌లైన్‌లో ఒకరు పాత మొసలి తోలు పర్సు అమ్ముతామంటున్నారు. కొనవచ్చా?

జవాబు: అమ్మా, ముందుగా ఆ దుకాణం ఆయనకు మూడు సంచుల్లో ఏదీ ఇవ్వకండి. ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు. కొత్తదానిలా చేయడం అన్న ఉద్దేశమే పాత తోలు విషయంలో సరైనది కాదు. కొత్తదానిలా కనిపించాలంటే పాత పైపొరను గీకాలి, దాని మీద దళసరిగా రంగు పట్టించాలి, మెరుపు కోసం మరో పూత పూయాలి. ఆ పని పూర్తయ్యాక మిగిలేది మీ అత్తగారి సంచి ఆకారంలో ఉన్న మరో సంచి. ఒకసారి గీకేసిన పొర తిరిగి రాదు. పాత వస్తువును బాగుచేయడం అంటే, జరుగుతున్న నష్టాన్ని ఆపి, రేపు ఇంకెవరైనా ఇంతకన్న మంచి పద్ధతి తెలిసినవారు చేయి వేయడానికి వీలుగా వదలడం అని నా దృఢమైన అభిప్రాయం. మీ ఉత్తరంలో ఉన్న మూడు సలహాలను, అంటే పాలిష్‌ను, సబ్బు నీళ్ళను, కొబ్బరినూనెను, నేను ఈ కొలతతోనే చూస్తాను.

మూడు సంచులూ మూడు వేరువేరు పదార్థాలు కావడం వల్ల ఒక దానికి పనికివచ్చే వైద్యం రెండోదాన్ని పాడుచేస్తుంది. కాబట్టి ఏది ఏమిటో మొదట తేల్చుకోండి. సంచి లోపలి అంచునో, పట్టీ చివరనో, కోసిన చోటు కనిపించే భాగం వెతికి, పగటి వెలుతురులో భూతద్దంతో చూడండి. తోలైతే ఆ అంచు నారలు నారలుగా, ఒత్తుగా, అల్లుకుపోయినట్టు కనిపిస్తుంది. చెట్ల బెరడుతో శుద్ధి చేసిన తోలు మందం అంతా ఒకే గోధుమ ఛాయలో ఉంటుంది. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలును మధ్యలో రంగు పట్టనిచోట చూస్తే తరచుగా నీలి బూడిదరంగు తగులుతుంది. నారలకు బదులు గుడ్డ నేత, దాని మీద అంటించిన పలుచని ప్లాస్టిక్ పొర కనిపిస్తే అది తోలు కాదు, మనవాళ్ళు రెక్సిన్ అని పిలిచే రకం. ఎవరికీ కనిపించని చోట ఒక్క నీటిబొట్టు పెట్టి చూడటం కూడా ఉపయోగమే: బెరడుతో శుద్ధి చేసి పైపూత వేయని తోలు ఆ బొట్టును కాసేపట్లో పీల్చుకుని నల్లబడుతుంది, పైపూత ఉన్న తోలు మీద బొట్టు అలాగే నిలుస్తుంది. మీ శాంతినికేతన్ సంచి మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి, కారణం కింద చెబుతాను.

ఆ సంచి గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మూడింటిలో విలువైనదీ, ఎక్కువ ప్రమాదంలో ఉన్నదీ అదే. శాంతినికేతన్ పక్కనే పల్లెల అభివృద్ధి కోసం 1922లో మొదలైన శ్రీనికేతన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ కుమారుడు రథీంద్రనాథ్, కోడలు ప్రతిమా దేవి తోలు పనిని ఒక చేతివృత్తిగా ప్రవేశపెట్టారు. అక్కడి నుంచి బోల్పూరు చుట్టుపక్కల ఊళ్ళకు పాకిన ఈ పనికి తర్వాతి కాలంలో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. గొర్రె, మేక తోలును తడిపి, దాని మీద అచ్చులతో, పనిముట్లతో ఒత్తి పువ్వులు, ముగ్గులు ఉబ్బెత్తుగా తేల్చి, ఆ తర్వాత చేత్తో రంగులు అద్దుతారు. బాతిక్ పద్ధతి పాటించిన చోట సన్నని పగుళ్ళవంటి గీతలు నేల నిండా అల్లుకుని ఉంటాయి. ఈ పనికి వాడే తోలు ఈస్టిండియా పద్ధతిలో, అంటే చెట్ల బెరడుతో, కాయలతో శుద్ధి చేసినది. ఆ పద్ధతికి పుట్టినిల్లు మన పాత మద్రాసు రాష్ట్రం. తంగేడు చెక్క, కరక్కాయ నానబెట్టిన నీళ్ళలో రోజుల తరబడి తోళ్ళు ఊరవేసి లండను దాకా ఎగుమతి చేసిన చరిత్ర దానిది. కలకత్తా, ఖరగ్‌పూర్ వైపు ఉద్యోగాలకు వెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాల్లో ఆడవారి చేతికి ఈ సంచులు చాలా వచ్చాయి. సెలవులకు హౌరా రైలు దిగేటప్పుడు భుజాన వేలాడిన ఆ సంచులను ఎవరూ కళావస్తువులుగా చూడలేదు కాబట్టే ఇవాళ బాగున్నవి దొరకడం కష్టంగా ఉంది.

ఇటువంటి సంచి మీద నీరు, స్పిరిట్, సబ్బు, నూనె ఏది తగిలినా రెండు ప్రమాదాలున్నాయి. తడిపి ఒత్తిన నగిషీ మళ్ళీ తడిస్తే చదునైపోతుంది. చేత్తో అద్దిన రంగు కదిలి పక్క రంగులోకి పాకుతుంది. అందుకే నీటిబొట్టు పరీక్ష దానికి వద్దన్నాను. తిత్లీ తుపానుకు తడిసిన పెట్టెలో ఉండి కూడా పువ్వులు ఇంకా కనిపిస్తున్నాయంటే తడి లోపలిదాకా దిగలేదనుకోవాలి. ఆ మేలును మన చేతులతో చెడగొట్టుకోవద్దు.

ఇక చేతికి అంటుతున్న ఎర్రపొడి. బెరడుతో శుద్ధి చేసిన తోలుకు వయసు మీద పడినప్పుడు వచ్చే జబ్బుల్లో ఇది ముఖ్యమైనది. గాలిలోని గంధకపు వాయువును తోలు పీల్చుకుంటుంది, అది లోపల ఆమ్లంగా మారి నారలను కొరికేస్తుంది, ఆ నారలు ఎర్రటి పొడిగా రాలిపోతాయి. పాత లా పుస్తకాల తోలు అట్టలు పట్టుకున్నప్పుడు చేతికి అంటే పొడి కూడా ఇదే. బొగ్గు పొగ ఎక్కువగా ఉన్న పట్టణాల్లో ఇది త్వరగా వస్తుందని గుర్తించింది పంతొమ్మిదో శతాబ్దంలోనే; బొగ్గు ఇంజన్లు తిరిగిన రోజుల్లో రైల్వే క్వార్టర్లలో ఏళ్ళ తరబడి ఉన్న సంచికి ఇది రావడంలో ఆశ్చర్యం లేదు. రాలిన నార తిరిగి నార కాదు, ఈ జబ్బుకు నివారణ లేదు. చేయగలిగింది మిగిలినదాన్ని పట్టి ఉంచడం. పాత పుస్తకాలు బాగుచేసేవారు ఇందుకు హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే తెల్లని పొడిని ఆల్కహాలులో చాలా పలుచగా, నూటికి ఒకటి రెండు వంతులకు మించకుండా కలిపి, మెత్తని కుంచెతో పూస్తారు. అది నారల మధ్యకు దిగి, ఆల్కహాలు ఆరిపోయాక పొడి రాలకుండా పట్టుకుంటుంది. మీరు దీన్ని పట్టీ అడుగువైపు, రంగు లేని భాగం మీద మాత్రమే వాడాలి. మొదట అగ్గిపుల్ల తలంత చోట పూసి మరునాటి వరకు ఆగి చూడండి. రంగు అద్దిన పైభాగం జోలికి వెళ్ళకండి, ఆల్కహాలు ఆ రంగును కరిగించవచ్చు. పొడి రాలే తోలుకు నూనె రాస్తే, ఎండిన నారలు దాన్ని ఒక్కసారిగా పీల్చుకుని నల్లగా, మరకలు మరకలుగా మారిపోతాయి, ఆ నలుపు ఇక పోదు. కొబ్బరినూనె విషయంలో మీ అమ్మగారి మాట ఇక్కడ వినవద్దు.

అలాగని మన పెద్దలకు తోలు సంగతి తెలియదని కాదు. కిర్రుచెప్పులకు ఆముదం పట్టించడం మన పల్లెల్లో అందరూ ఎరిగినదే. ఎండలో, పొలంలో, బురదలో రోజూ నడిచే దళసరి తోలుకు అది సరైన పనే. చెప్పు రెండేళ్ళు మన్నితే చాలు, అరవై ఏళ్ళు నిలవాలని ఎవరూ అనుకోరు. పెట్టెలో దాచే సంచికి రాసిన వంటనూనెలు మాత్రం కాలక్రమేణా ముక్కవాసన వస్తాయి, జిడ్డు కడతాయి, మన తేమలో బూజుకు మేతగా మారతాయి.

బూజు సంగతికి వస్తే, ఇది మూడు సంచులకూ వర్తిస్తుంది. గాలిలో తేమ నూటికి అరవై అయిదు, డెబ్భై దాటి కొన్ని రోజులు నిలిస్తే తోలు మీద బూజు మొలవడం మొదలవుతుంది. మన తీరంలో జూన్ నుంచి నవంబరు దాకా తేమ ఆ గీత దాటే ఉంటుంది. మీరు ఇప్పుడే తొందరపడి పని మొదలుపెట్టకుండా, సిరిమానోత్సవం వెళ్ళి, తుపానుల కాలం గడిచి, డిసెంబరులో పొడిగాలి తిరిగేదాకా ఆగడం మంచిది. ఈలోపు సంచులను ఆ ట్రంకుపెట్టెలోంచి తీసి, ఒక్కొక్కటి విడిగా, ఫ్యాను గాలి తగిలే నీడపట్టున, మూత తెరిచి ఉంచండి. ఎండలో పెట్టకండి. తడిసి ఆరిన పాత తోలు నారలు బలహీనపడి ఉంటాయి, కొత్త తోలు తట్టుకునే వేడికి అవి ముడుచుకుపోతాయి. రేకుల పంచ కింద ఎండ వేడి, హెయిర్ డ్రయ్యర్ వేడి కూడా అందుకు చాలవచ్చు. ఆ ముడత ఇస్త్రీ చేస్తే పోయేది కాదు.

బాగా ఆరాక, ముక్కుకు మాస్కు కట్టుకుని, ఇంటి బయట, మెత్తని వెంట్రుకల కుంచెతో బూజును ఒకే దిక్కుగా దులపండి. బొమ్మలు వేసే వెడల్పు కుంచె సరిపోతుంది. గుడ్డతో రుద్దితే బూజు విత్తులు నారల్లోకి దిగిపోతాయి. మడతల్లో, కుట్ల వెంట, జేబుల మూలల్లో ఎక్కువ ఉంటుంది, అక్కడ ఓపిక పట్టాలి. వాడిన కుంచెను మరో సంచికి వాడే ముందు కడిగి ఆరబెట్టండి. లోపలి అస్తరును మెల్లగా బయటికి తిప్పి దులపండి. జేబుల్లో పాత టిక్కెట్టో, చీటీయో, గుడి కుంకుమ పొట్లమో దొరికితే పారవేయకుండా ఒక కవరులో వేసి సంచితోపాటే ఉంచండి, సంచి వయసు చెప్పే సాక్ష్యాలు తరచు అవే. వయసు పెద్దదైనా మామగారి జ్ఞాపకం బాగుంటే, ఏ సంవత్సరంలో, ఎక్కడ, ఎంతకు కొన్నారో ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. సేకరించేవారు ఎంత డబ్బు పోసినా కొనలేనిది ఆ కాగితం.

ఇత్తడి భాగాలను దగ్గరగా చూడండి. కోచ్ బ్యాగు మీది తిప్పుడు బిళ్ళ చుట్టూ, రివెట్ల కింద, ఆకుపచ్చటి మైనంలాంటి పదార్థం పేరుకుని ఉంటుందని అనుకుంటున్నాను. తోలులోని కొవ్వులు ఇత్తడిలోని రాగిని తాకి పుట్టించే పదార్థం అది. చాలామంది దీన్ని బూజు అనుకుంటారు. వెదురు పుల్లను చీల్చి మొన చేసి, దానితో మెల్లగా గీరి, పొడి దూదితో తుడిచేస్తే వచ్చేస్తుంది. ఇనుప సూది వాడితే ఇత్తడి మీద గీతలు పడతాయి. ఇత్తడి చెంబులు తోమినట్టు చింతపండుతో తోమాలని మాత్రం అనుకోకండి. ఆ పులుపూ నీరూ అంచు నుంచి తోలులోకి దిగి నల్లటి వలయం వేస్తాయి. సీసాలో దొరికే ఇత్తడి పాలిష్‌లు కూడా అంతే, వాటి తెల్లటి పొడి కుట్ల రంధ్రాల్లో ఇరుక్కుని ఎప్పటికీ రాదు. ఇత్తడి మసకబారి ఉండటంలో తప్పేమీ లేదు. బిళ్ళో, కొక్కెమో విరిగిపోయి ఉంటే, బజారులో దొరికే మెరుపు పూత ముక్క తగిలించే బదులు, శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచు, ఇత్తడి పోతపని చేసేవారిని ఒకసారి అడిగి చూడండి. పాత ముక్కను నమూనాగా చూపిస్తే పోత పోయడం వారి చేతిలో ఉన్న విద్యే. విరిగిన ముక్కను కూడా దాచండి.

జిప్పు బిగుసుకుపోతే కొవ్వొత్తిని పళ్ళ వెంట రుద్దండి. రన్నరు వదులైతే రన్నరు మార్పించండి, జిప్పు మొత్తం ఊడదీయించవద్దు.

కుట్లు ఊడిన చోట పనివారి సాయం కావాలి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. చెప్పులు కుట్టే వారిని చిల్లర పనికి పిలిచే అలవాటు మనకు ఉంది. వారి చేతిలో ఉన్న విద్యకు తగిన గౌరవం మన సమాజం ఏనాడూ ఇవ్వలేదు, అది మన తప్పు. మంచి పనివారు దొరికితే పక్కన కూర్చుని ఏం కావాలో వివరంగా చెప్పండి, అడిగినంత ఇవ్వండి. చెప్పవలసింది ఇది: ఆరెతో కొత్త రంధ్రాలు పొడవకూడదు, పాత రంధ్రాల్లోంచే దారం పోవాలి. రెండు కొనలకూ రెండు సూదులు పెట్టి, ఒకే రంధ్రంలో అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి దూర్చి కుట్టే పద్ధతి వారికి తెలిసినదే. ఒకచోట తెగినా మొత్తం ఊడిపోకుండా నిలిచే కుట్టు అది. దారం తోలు కన్న గట్టిది కాకూడదు. సన్నని నైలాను దారం లాగి బిగిస్తే, పాత తోలులో ఒక రంధ్రానికీ ఇంకో రంధ్రానికీ మధ్య గోటి మందం కూడా లేని ఆ కొద్ది జాగా కోసుకుపోయి, పట్టీ తపాలా బిళ్ళల వరుసలా చిరిగి వస్తుంది. మైనం పట్టించిన నూలు లేక నార దారం వాడించండి. క్షణాల్లో అతికే జిగురును ఏ భాగానికీ తగలనివ్వకండి, అది గాజులా గట్టిపడి పక్కనున్న తోలును పగలగొడుతుంది. శాంతినికేతన్ సంచి పట్టీ బరువు మోయలేని స్థితిలో ఉంటే, అడుగున పలుచని కొత్త తోలు పట్టీ కలిపి, బరువంతా దాని మీద పడేలా కుట్టించండి. పైకి పాత పట్టీయే కనిపిస్తుంది.

ఇప్పుడు కోచ్ బ్యాగు. 1941లో న్యూయార్కు మన్‌హట్టన్‌లో చిన్న కార్ఖానాగా మొదలైన సంస్థ అది. 1962లో బానీ కాషిన్ అనే రూపకర్త చేరిన తర్వాత ఆ తిప్పుడు బిళ్ళ వాటికి గుర్తుగా మారింది. పాతవాటిలో చాలా సంచులకు లోపల అస్తరు ఉండదు, తోలు లోపలి గరుకు భాగమే కనిపిస్తుంది, ఒక తోలు ముక్క మీద సంస్థ మాటలు, ఒక అంకె అచ్చు ఒత్తి ఉంటాయి. మీరు వీడియోల్లో చూసిన స్నానం ఈ రకం సంచులకే ఎక్కువగా చేస్తారు. రంగు లోపలిదాకా పట్టిన దళసరి తోలు, అస్తరు లేదు, లోపల అట్టముక్కలు తక్కువ. కాబట్టి నీళ్ళలో ముంచినా చాలా వరకు బతికి బయటపడుతుంది. అక్కడ గది గాలి పొడిగా ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతుంది. మన దగ్గర వానాకాలంలో దళసరి తోలు లోపలిదాకా ఆరడానికి పట్టే రోజుల్లో బూజు మళ్ళీ పుడుతుంది. పైగా తోలు స్వభావం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది, బట్టల సబ్బు, గిన్నెల సబ్బు క్షారాలు. శుద్ధి చేసినప్పుడు పట్టించిన కొవ్వును అవి లాగేస్తాయి. మీ సంచి ఇప్పటికే ఒకసారి తడిసింది. దాన్ని ముంచవద్దు. దులిపిన తర్వాత, నీళ్ళలో తడిపి గట్టిగా పిండి దాదాపు పొడిగా ఉన్న నూలు గుడ్డతో ఒక్కసారి తుడిచి, పూర్తిగా ఆరాక, తోలు కోసమే తయారుచేసిన రంగులేని కండిషనర్‌ను గోటిమీద పట్టేంత తీసుకుని గుడ్డకు రాసి, ఆ గుడ్డతో తుడవండి. మరునాడు తోలు ఇంకా గరుకుగా ఉంటే మరోసారి. ఎక్కువైతే తీయడం అసాధ్యం, తక్కువైతే మళ్ళీ రాసుకోవచ్చు. మూలల్లో రంగు వెలిసి ఉంటే అలాగే ఉండనివ్వండి. బూటు పాలిష్ వేస్తే ఆ రోజుకు బాగుంటుంది. మొదటి పెళ్ళికి తగిలించుకుని వెళ్ళినప్పుడు చెమటకు కరిగి మీ చీర కుచ్చిళ్ళ మీద, నడుము దగ్గర, గోధుమరంగు చార గీస్తుంది.

మూడింటిలో ఈ బ్యాగును మాత్రం మీరు నిశ్చింతగా వాడవచ్చు. మితంగా వాడే తోలు, మూసిపెట్టిన తోలు కన్న బాగుంటుంది, గాలి తగులుతుంది, బూజు కనిపించగానే తెలుస్తుంది. చేతికి రాసుకునే శానిటైజరు బ్యాగు లోపల పెట్టకండి, ఒలికితే పైపూతను కరిగిస్తుంది.

మూడోదాని సంగతి బాధగానే చెప్పాలి. పొలుసులుగా ఊడుతున్నది పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత. గాలిలోని తేమే దాన్ని లోపలి నుంచి విడగొడుతుంది, వాడకుండా దాచినా అది జరిగేదే. ఏ పాలిష్, ఏ జిగురు దాన్ని ఆపలేదు, రంగు వేస్తే రంగుతో సహా ఊడుతుంది. మిగతా రెండింటికీ అంటకుండా దాన్ని వేరుగా ఉంచండి. ఆకారం ముఖ్యమనిపిస్తే ఫొటోలు తీసుకుని, ఇనుప చట్రం, కొక్కెం తీసి భద్రపరచండి. అదే చట్రానికి కొత్త గుడ్డతోనో, తోలుతోనో సంచి కుట్టించుకోవడం మంచి ఆలోచనే.

దాచే విషయం. బీరువాను బయటి గోడకు ఆనించకుండా జానెడు దూరం జరపండి, వానాకాలంలో ఆ గోడ చెమ్మ నేరుగా ఇనుముకు, అక్కడి నుంచి సంచికి చేరుతుంది. సంచి లోపల పాత ఉతికిన పంచె ముక్కలు ఉండచుట్టి ఆకారం నిలిచేలా కూరండి. వార్తాపత్రికలు వద్దు, సిరా అస్తరుకు అంటుతుంది. పైన నూలు గుడ్డ సంచి తొడగండి, ప్లాస్టిక్ కవరు తేమను లోపలే బంధిస్తుంది. వేపాకు మరక వేస్తుంది, కలరా ఉండల వాసన తోలులోంచి ఏళ్ళు గడిచినా పోదు, బియ్యం పురుగులను పిలుస్తుంది. సిలికా జెల్ పొట్లాలు పనికివస్తాయి, కానీ వాటిని అప్పుడప్పుడు మళ్ళీ వేడిచేసి ఆరబెట్టాలి. కొన్ని వందల రూపాయలకు దొరికే తేమ కొలిచే చిన్న పరికరం ఒకటి బీరువాలో పెట్టండి; అరవై దాటుతున్నప్పుడల్లా తలుపులు తీసి ఫ్యాను వేయడం ఎన్ని మందులు రాసినా రాని ఫలితం ఇస్తుంది. బరువైన వాటిని పట్టీతో వేలాడదీయకండి.

సేకరించాలన్న కోరిక మంచిదే. ఈ వాతావరణంలో ఎన్ని సంచులను నెలనెలా తీసి దులపగలరో అన్నే కొనండి. పారిస్, న్యూయార్కు పేర్ల వెంట పడితే నకిలీలు ఎక్కువ, ధరలు మనకు అందవు. మన దేశపు తోలు పని ఇంకా ఎవరి కంటా సరిగా పడలేదు: శాంతినికేతన్ సంచులు, కలకత్తాలో కుట్టిన పాత చేతిసంచులు, 1978లో పుదుచ్చేరిలో మొదలైన హైడిజైన్ తొలినాళ్ళ బెరడుశుద్ధి బ్యాగులు. మీ బంధువుల్లో రైల్వేలో, జనపనార మిల్లుల్లో పనిచేసి వచ్చిన కుటుంబాలను అడగండి, బీరువాల పైన, అటకల మీద ఇవి ఉంటాయి. కొనేముందు నాలుగు అడుగు మూలలు, పట్టీ కలిసే చోటు, లోపలి వాసన చూడండి. మూలలు అరిగితే బాగుచేయవచ్చు. పట్టీ మూలం చిరిగితే ఖర్చు. బూజువాసన లోపలికి దిగితే ఎంత చవకైనా వద్దు, అది మీ బీరువాలో ఉన్నవాటికీ పాకుతుంది.

మొసలి తోలు పర్సు కొనకండి. మన నదుల్లోని మొసళ్ళు, కొండచిలువ వంటి పాములు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అత్యున్నత రక్షణ ఉన్నవి. వాటి తోలుతో చేసిన వస్తువును కొనడమూ, అమ్మడమూ నేరమే, పాతదని చెప్పినంతమాత్రాన ఆ నేరం పోదు. అమ్మేవారు చెప్పేది నిజం కాకపోవడానికీ అవకాశం ఉంది. పాత సంచుల్లో చాలావరకు ఆవుతోలు మీద మొసలి పొలుసుల అచ్చు ఒత్తినవే. అచ్చైతే అదే పొలుసు వరుస కొంత దూరం తర్వాత తు.చ. తప్పకుండా మళ్ళీ వస్తుంది, పొలుసుల మధ్య గాడి లోతు అంతటా ఒకేలా ఉంటుంది. అసలు మొసలి తోలులో ఏ రెండు పొలుసులూ ఒకలా ఉండవు, చాలా పొలుసుల అంచు దగ్గర సూదిమొనంత గుంట కనిపిస్తుంది. అసలుదైతే చట్టం ఒప్పదు, అచ్చైతే వారు అడిగే ధర దానికి తగదు. ఆ డబ్బును శాంతినికేతన్ సంచి పట్టీకి కొత్త తోలు కలిపి కుట్టించడానికి వాడండి.